పేజీలో ఉన్నదే జవాబు: ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌కు మనం ఎలా సిద్ధమవాలి?

(విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకుంటున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల గురించి, దరఖాస్తుల గురించి నా తర్వాత మాట్లాడేవాళ్లు నాకన్నా బాగా చెప్తారు. నేను ఒక గంట పరీక్ష గురించే మాట్లాడతాను. ఐఈఎల్‌టీఎస్, మనం వాడుకలో ఐఎల్ట్స్ అంటాం, అందులో రీడింగ్ భాగం. 60 నిమిషాలు, 3 పాఠాలు, 40 ప్రశ్నలు. ఆ గంట నా జీవితంలో ఒక సంవత్సరాన్ని మింగేసింది. మీకు అలా జరగకూడదని వచ్చాను.

మాది పల్నాడులో ఒక పల్లె. అమ్మ మిరపకోతలకు వెళ్లేది. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. డిగ్రీలో పేరుకు ఇంగ్లిష్ మీడియమే గానీ, గైడ్లు బట్టీ పట్టి గట్టెక్కాను. ఎమ్మే హైదరాబాద్‌లో చేశాను. ఇంగ్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ సీటుకు షరతులతో ఆఫర్ వచ్చింది. మొత్తం మీద 6.5 రావాలి, ఏ ఒక్క విభాగంలోనూ 6కి తగ్గకూడదు. పరీక్ష ఫీజుకు అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. ఫలితం వచ్చింది. మొత్తం 6.5. రీడింగ్ మాత్రం 5.5.

ఇప్పుడు ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే వీలు వచ్చింది, అయితే దాన్ని అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు. అప్పట్లో అదీ లేదు. పరీక్ష మొత్తం మళ్లీ రాయాలి, ఫీజు మొత్తం మళ్లీ కట్టాలి. ఆ డబ్బు పుట్టేసరికి ఆఫర్ గడువు దాటిపోయింది. ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్లి అడిగితే అక్కడి సారు నా మార్కుల కాగితం చూసి, "తెలుగు మీడియం కదమ్మా, రీడింగ్ అంతే వస్తుంది" అన్నారు. మూడు వేల పదాల జాబితా ఒకటి చేతిలో పెట్టి కంఠస్థం చేయమన్నారు. నేనూ నమ్మాను. నాకు ఇంగ్లిష్ రాదు, అందుకే పోయింది అనుకున్నాను. రెండు నెలలు ఆ జాబితాతోనే గడిపాను.

ఆ తర్వాత హాస్టల్లో ఒక సీనియర్ అక్క అడిగింది: "తప్పులు ఎక్కడ పోతున్నాయో ఎప్పుడైనా లెక్క రాశావా?" రాయలేదు. ఆ రోజు నుంచి ఒక నోటుబుక్ పెట్టాను. పాత ప్రశ్నపత్రాలు నాలుగు, గడియారం పెట్టుకుని రాశాను. 160 ప్రశ్నల్లో 71 తప్పులు. ఒక్కో తప్పు పక్కన కారణం రాశాను. పదం అర్థం తెలియక పోయినవి 15. టైము చాలక వదిలేసినవి 19. స్పెల్లింగో, పదాల పరిమితో పట్టించుకోక పోయినవి 11. మిగిలిన 26 చూసి నాకే ఆశ్చర్యం వేసింది. పాఠం అర్థమైంది, ప్రశ్న అర్థమైంది, అయినా తప్పు. ఎందుకంటే పాఠంలో లేనిదాన్ని నేను చేర్చి చదివాను. 71లో 15 మాత్రమే నా ఇంగ్లిష్ తప్పు. మిగిలినవన్నీ నా చదివే పద్ధతిలో ఉన్న తప్పులు. ఆ లెక్క చూశాకే నాకు ధైర్యం వచ్చింది. పద్ధతిని మార్చుకోవచ్చు కదా.

ఈ పరీక్ష న్యాయమైనదని నేను చెప్పడం లేదు. ఫీజు పదిహేను వేలకు పైనే. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ఇంట్లో ఇంగ్లిష్ పేపరు వచ్చే పిల్లలూ, ఇంటికి ఏ పేపరూ రాని పిల్లలూ ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. మన దారిలో వేరే గేట్లూ ఉన్నాయి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చి, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద విదేశాల్లో చదవాలనుకునేవాళ్లను బయట పెట్టారు. కులం గురించి చదవాలనుకునే మన పిల్లలకే ఆ దెబ్బ ముందు తగిలింది. ఆ గేట్ల మీద మనం కొట్లాడాలి, కొట్లాడుతున్నాం. కానీ రీడింగ్ అనే గేటును మాత్రం మూడు నెలల పనితో మనమే తెరుచుకోగలం.

ఇంకో మాట. ఫీజు కట్టే ముందు మీరు కోరుకునే విశ్వవిద్యాలయం నిజంగా ఈ పరీక్ష అడుగుతోందో లేదో చూడండి. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివామని కాలేజీ ఇచ్చే ధ్రువపత్రాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న. రెండుచోట్లా విడివిడిగా కనుక్కోండి.

పరీక్షలో ఏముంటుంది?

అకడమిక్ రీడింగ్‌లో మూడు పాఠాలు కలిపి 2,150 నుంచి 2,750 పదాలు ఉంటాయి. పుస్తకాలు, పత్రికలు, జర్నళ్ల నుంచి తీసుకుంటారు. తేనెటీగల గురించి రావచ్చు, గాజు తయారీ చరిత్ర రావచ్చు, జ్ఞాపకశక్తి మీద పరిశోధన రావచ్చు. ఆ విషయం మీకు ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు. జవాబులకు కావలసిందంతా పాఠంలోనే ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు. తప్పు రాస్తే మార్కు కోయరు కాబట్టి ఏ గడీనీ ఖాళీగా వదలకండి.

పరీక్ష నిర్వాహకులే ప్రచురించిన సగటు లెక్క ప్రకారం 40కి 23 వస్తే బ్యాండ్ 6, 30 వస్తే 7, 35 వస్తే 8. ప్రశ్నపత్రం కష్టాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అంటే 17 తప్పులు పోయినా 6 వస్తుంది. 6కీ 7కీ మధ్య ఉన్నవి ఏడు జవాబులు. ఈ లెక్క గుర్తుంటే ఒక ప్రశ్న రాకపోయినా కంగారు ఉండదు. దాన్ని వదిలి ముందుకు పోవచ్చు.

నాట్ గివెన్ సంగతి

నన్ను దెబ్బతీసిన ప్రశ్న రకం ఇది. ఒక వాక్యం ఇస్తారు. పాఠంలోని సమాచారంతో అది సరిపోతే ట్రూ, దానికి విరుద్ధంగా ఉంటే ఫాల్స్, పాఠంలో దాని ఊసే లేకపోతే నాట్ గివెన్. రచయిత అభిప్రాయం గురించి అడిగినప్పుడు యెస్, నో, నాట్ గివెన్ అంటారు. పరీక్షలో అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది గానీ, ఇక్కడ పట్టుకోవాల్సిన విషయం భాషకు సంబంధించింది కాదు. అందుకే ఉదాహరణ తెలుగులో చెప్తాను. జాగ్రత్తగా వినండి.

1923లో బొంబాయి శాసనమండలి ఒక తీర్మానం చేసింది. ప్రజాధనంతో కట్టి నిర్వహించే నీటి వనరులు, బావులు, ధర్మశాలలను, అలాగే ప్రభుత్వ బడులు, కోర్టులు, దవాఖానాలను అంటరాని కులాలవారు వాడుకోవచ్చని అందులో ఉంది. దాన్ని అనుసరించి మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానించింది. సవర్ణుల వ్యతిరేకత వల్ల ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో అంటరాని కులాలవారు ఊరేగింపుగా వెళ్లి ఆ చెరువు నీళ్లు తాగారు.

పాఠం ఇంతే. ఇప్పుడు నాలుగు వాక్యాలు చెప్తాను.

ఒకటి, శాసనమండలి తీర్మానం నీటి వనరులకే పరిమితం. ఇది ఫాల్స్. బడులు, కోర్టులు కూడా ఉన్నాయని పాఠం చెప్పింది. ఇక్కడ కీలకం "నీటి వనరులకే" అనే మాటలో ఉన్న ఆ చివరి "ఏ". ఇంగ్లిష్‌లో అది ఓన్లీ అవుతుంది.

రెండు, పురపాలక సంఘం నిర్ణయం వెంటనే అమలు కాలేదు. ఇది ట్రూ. అమలు అనే మాట పాఠంలో లేదు. "కాగితం మీదే ఉండిపోయింది" అని ఉంది. మాట వేరు, అర్థం ఒకటే.

మూడు, పురపాలక సంఘం సభ్యులందరూ ఆ తీర్మానానికి ఓటేశారు. ఇది నాట్ గివెన్. తీర్మానించారని ఉంది. ఎందరు ఓటేశారో లేదు.

నాలుగు, అంటరానివారు నీళ్లు తాగిన తర్వాత సవర్ణులు ఆ చెరువును శుద్ధి చేశారు. దీనికి ట్రూ అని ఎంతమంది అంటారు?

దాదాపు అన్ని చేతులూ లేచాయి. నేనూ ట్రూ అనే రాసేదాన్ని. ఆవు పేడ, మూత్రం, పెరుగు కలిపి కుండలతో ఆ చెరువులో పోసి శుద్ధి చేశారని మనందరికీ తెలుసు. ఆ అవమానం మనకు పుస్తకాల్లో చదివి తెలిసిన విషయం మాత్రమే కాదు, మన ఇళ్లలో చెప్పుకున్న విషయం. అయినా ఇక్కడ జవాబు నాట్ గివెన్. ఎందుకంటే నేను చదివిన పాఠంలో ఆ మాట లేదు.

ఇది ఒప్పుకోవడం మనకు కష్టం. నిజాన్ని లేదని రాస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ నాట్ గివెన్ అంటే జరగలేదని కాదు. ఈ పేజీ ఆ సంగతి చెప్పలేదని మాత్రమే. పేజీ చెప్పిందేమిటి, చెప్పనిదేమిటి, నాకు వేరేచోట నుంచి తెలిసిందేమిటి, ఈ మూడింటినీ విడదీసి పెట్టుకోవడమే ఈ ప్రశ్న పరీక్షించే పని.

మన బడుల్లో ఈ అలవాటు ఎవరూ నేర్పలేదు. పాఠం చదవకముందే సారు సారాంశం చెప్తారు. ప్రశ్న కింద జవాబు గైడ్‌లో ఉంటుంది. పేజీకీ మనకూ మధ్య ఎప్పుడూ ఇంకొకరు నిలబడి ఉంటారు. అందుకే పేజీని నేరుగా చూసేసరికి మనకు తెలిసిన పదం కనపడగానే తెలిసిన జవాబు రాసేస్తాం.

నేను అలవాటు చేసుకున్న పద్ధతి చెప్తాను. ఇది ట్రూ అని చెప్పడానికి పాఠంలో ఏ మాట మీద వేలు పెట్టగలను? ఫాల్స్ అని చెప్పడానికి ఏ మాట మీద పెట్టగలను? రెండిటికీ వేలు పెట్టే చోటు దొరక్కపోతే నాట్ గివెన్. ఈ రకం ప్రశ్నల జవాబులు పాఠంలో వరుసగా వస్తాయి. మూడో ప్రశ్న జవాబు, ఐదో ప్రశ్న జవాబు దొరికితే నాలుగోది ఆ రెండింటి మధ్యే ఉండాలి. అక్కడ లేకపోతే పాఠమంతా వెతుకుతూ కూర్చోకండి.

ఇంగ్లిష్ వాక్యంలో మనం ఎక్కడ తప్పిపోతాం?

తెలుగు మీడియం వాళ్లకు పదాలకన్నా వాక్యం అల్లిక ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మనం ఇలా అంటాం: "నిన్న సంతలో నా దగ్గర వంద రూపాయలు అప్పు తీసుకున్న మా పక్కింటాయన ఇవాళ కనపడలేదు." వివరాలన్నీ ముందు, మనిషి తర్వాత, ఆ మనిషి వెనకే క్రియ. ఇంగ్లిష్‌లో పక్కింటాయన ముందు వస్తాడు. ఆయన వెనక సంత, వంద రూపాయలు, అప్పు అన్నీ వరుసకడతాయి. కనపడలేదు అన్న అసలు క్రియ చేరేసరికి కర్త ఎవరో మర్చిపోతాం. విచ్, హూ, దట్ అని వచ్చిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది.

అందుకని పొడుగు వాక్యం కనపడితే మొదటి పదం నుంచి తెలుగులోకి మార్చుకుంటూ పోకండి. ముందు అసలు క్రియ పట్టుకోండి. అది ఎవరు చేశారో చూడండి. మిగిలిన వివరాలు తర్వాత. రోజుకు పది పొడుగు వాక్యాలు తీసుకుని, పెన్సిల్‌తో కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు గీయండి. నెల తిరిగేసరికి కన్ను దానంతట అదే క్రియ దగ్గరికి వెళ్తుంది.

చిన్న మాటలు పెద్ద మోసం చేస్తాయి. హార్డ్‌లీ అంటే కష్టపడి అని కాదు, దాదాపు లేనట్టే అని. ఫ్యూ అంటే చాలా తక్కువ అనే లోటు, ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నాయనే లెక్క. అన్‌లెస్ వస్తే షరతు తిరగబడుతుంది. ఆల్దో, హవెవర్ వచ్చాయంటే రచయిత అసలు చెప్పదలచుకున్నది సాధారణంగా రెండో సగంలో ఉంటుంది. ఆల్, మోస్ట్, సమ్ మధ్య తేడా, మే, మస్ట్ మధ్య తేడా మీదే చాలా ప్రశ్నలు ఆడుకుంటాయి. ఇవేవీ కోచింగ్ వాళ్లిచ్చిన మూడు వేల పదాల జాబితాలో లేవు, ఎందుకంటే ఇవి మనకు ఏడో తరగతిలోనే వచ్చనుకుంటారు.

పెద్ద పదాలు అక్కర్లేదని కాదు. దానికి మంచి జాబితా ఒకటుంది. ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. ఏ శాస్త్రంలోనైనా మళ్లీ మళ్లీ వచ్చే 570 పదాల కుటుంబాలు ఉంటాయి. అకడమిక్ రచనల్లో దాదాపు పదో వంతు పదాలు ఈ జాబితాలోవే. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజుకు ఐదు చొప్పున 114 రోజులు పడుతుంది. ఒక్క పదాన్ని కాకుండా కుటుంబాన్ని నేర్చుకోండి. సిగ్నిఫికెంట్‌తో పాటు సిగ్నిఫికెన్స్, సిగ్నిఫై కూడా. పదం పక్కన తెలుగు అర్థం ఒక్కటే రాయకుండా, అది వచ్చిన వాక్యం రాసుకోండి.

ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో అదే రూపంలో దొరకదని గుర్తుపెట్టుకోండి. ఒకరు "వానలు ముఖం చాటేశాయి" అని రాస్తే ఇంకొకరు "వర్షాభావం" అని అడుగుతారు. తెలుగులో ఇది మనం క్షణంలో పట్టేస్తాం. ఇంగ్లిష్‌లో మాత్రం అదే పదం కోసం వెతుకుతాం. పేర్లు, సంవత్సరాలు, అంకెలు సాధారణంగా మారవు కాబట్టి వాటితో చోటు పట్టుకోండి. చోటు దొరికాక అర్థం కోసం చదవండి.

పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నలు వస్తాయి. నేను ప్రతి పేరా చదివాక దాని సారం మూడు నాలుగు మాటల్లో తెలుగులోనే రాసుకునేదాన్ని. "పాత సిద్ధాంతం తప్పు", "ఖర్చు సమస్య", "కొత్త ప్రయోగం" ఇలా. కంప్యూటర్ పరీక్షలోనూ వాక్యాల మీద రంగు పూసుకునే వీలు, నోట్సు రాసుకునే వీలు ఉన్నాయి. తెలుగులో ఆలోచించడం తప్పని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పదం పదం అనువదించడమే తప్పు. అర్థమైనదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే అర్థం నిలబడుతుంది.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో "రెండు పదాలకు మించకూడదు" లాంటి సూచన ఉంటుంది. మూడు రాస్తే, జవాబు తెలిసినా, సున్నా. పదాన్ని పాఠంలో ఉన్నట్టే, ఏకవచనమో బహువచనమో చూసుకుని, అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. నా 11 తప్పులు ఇక్కడివే. ఇవి ఒక వారంలో మానుకోగలిగే తప్పులు.

టైము, మూడు నెలల పని

పేపరు మీద రాసే వీలుండి అలా రాసేవాళ్లు గమనించండి. లిజనింగ్‌లో జవాబులు ఎక్కించడానికి విడిగా సమయం ఇస్తారు. రీడింగ్‌లో ఇవ్వరు. ఆ 60 నిమిషాల్లోనే జవాబు పత్రం నింపాలి. పాఠానికి 20 నిమిషాలని చెప్తారు గానీ మూడోది సాధారణంగా కష్టం. నేను 15, 20, 25గా పంచుకున్నాను. ఒక్క ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి రాసి గుర్తు పెట్టి కదలాలి.

మొదటి నెల గడియారం ముట్టుకోకండి. రోజుకు ఒక వ్యాసం నెమ్మదిగా, పూర్తిగా అర్థమయ్యేదాకా చదవండి. ది హిందూ సైన్స్ పేజీ, విశ్వవిద్యాలయ అధ్యాపకులు మామూలు పాఠకుల కోసం రాసే ది కాన్వర్సేషన్ వెబ్‌సైట్ సరిపోతాయి. రెండో నెల ఒక్కో వారం ఒకటి రెండు ప్రశ్న రకాలు తీసుకోండి. మూడో నెల పూర్తి పరీక్షలు, వారానికి రెండు. కేంబ్రిడ్జ్ వాళ్ల ఐఈఎల్‌టీఎస్ పుస్తకం ఒక్కోదాంట్లో నాలుగు పరీక్షలు ఉంటాయి. నలుగురు కలిసి రెండు పుస్తకాలు కొనుక్కున్నా చాలు. పుస్తకం మీద జవాబులు రాయకండి, మీ తర్వాత ఇంకొకరు చదవాలి.

పరీక్ష రాయడానికి గంట పడితే తప్పులు చూసుకోవడానికి రెండు గంటలు పెట్టండి. నోటుబుక్‌లో ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: పదం తెలియలేదా, చోటు దొరకలేదా, లేనిది చేర్చానా, టైము చాలలేదా, ఎత్తి రాయడంలో పోయిందా. రెండు వారాలకోసారి లెక్కవేయండి. ఏ కారణం ఎక్కువుంటే వచ్చే రెండు వారాల పని అదే.

బాబాసాహెబ్ దగ్గర చదవడం నేర్చుకోవడం

చివరగా ఒక సాధన చెప్తాను. ఇది ఏ కోచింగ్‌లోనూ చెప్పరు.

హైస్కూల్లో బాబాసాహెబ్‌ను సంస్కృతం తీసుకోనివ్వలేదు. పర్షియన్ చదువుకోవాల్సి వచ్చింది. ఆ గ్రంథాల భాష ఆయనకు మూసేశారు. ఆయన వాటి ఇంగ్లిష్ అనువాదాలు చదివారు. 1946లో "శూద్రులు ఎవరు?" అనే పుస్తకం తెచ్చినప్పుడు, సంస్కృతంలో పాండిత్యం లేనివాడు ఈ విషయం మీద ఎలా రాస్తాడనే ప్రశ్నకు ముందుమాటలోనే జవాబిచ్చారు. పదిహేనేళ్లుగా ఇంగ్లిష్‌లో దొరికే ఆ సాహిత్యాన్ని చదువుతూ వచ్చానని చెప్పారు. పుస్తకమంతా ఆయన చేసిన పని చూడండి. శాస్త్రంలో ఉందని పండితులు అంటున్నది నిజంగా అక్కడ ఉందా? ఉంటే ఏ మాటల్లో ఉంది? వేరే గ్రంథం దానికి విరుద్ధంగా చెప్తోందా? చెప్పిందీ, చెప్పనిదీ, తర్వాతివాళ్లు చేర్చిందీ ఆయన విడదీశారు. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అనే మాటలు ఆయన వాడలేదు. చేసిన పని మాత్రం అదే. మన మీద వందల ఏళ్లు రుద్దినవాటిలో, శాస్త్రంలో ఉందని ఎవరో చెప్తే మనవాళ్లు నమ్మాల్సి వచ్చినవి ఎన్నో. పేజీ తెరిచి చూసుకునే హక్కు లేకపోవడం అంటే అదే.

ఆయన "కుల నిర్మూలన" 1936లో అచ్చయింది. లాహోర్‌లో చేయాల్సిన ప్రసంగం, చేయనివ్వలేదు. ఆయన రచనలూ ప్రసంగాలూ విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో చదవండి, తెలుగు అనువాదం పక్కన పెట్టుకోండి. ఒక్కో భాగానికి మీరే శీర్షిక రాయండి. ప్రతి భాగం మీద మూడు వాక్యాలు తయారు చేయండి, రచయిత ఒప్పుకునేది ఒకటి, ఒప్పుకోనిది ఒకటి, అసలు మాట్లాడనిది ఒకటి. పక్కవాళ్లకిచ్చి జవాబులు పెట్టించండి. రెండో ముద్రణలో గాంధీ విమర్శ, దానికి బాబాసాహెబ్ సమాధానం రెండూ ఉన్నాయి. ఏ వాదన ఎవరిదో జతచేయండి. ప్రశ్న తయారు చేసినవాళ్లకు ప్రశ్నలోని ఉచ్చు ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఆ ఇంగ్లిష్ పరీక్షలో వచ్చేదానికన్నా బరువైనది కాబట్టి దీన్ని మొదటి రెండు నెలల్లోనే చేయండి. చివరి నెల పాత ప్రశ్నపత్రాలకే ఉంచుకోండి.

నేను రెండోసారి రాసినప్పుడు రీడింగ్‌లో 7 వచ్చింది. మధ్యలో ఒక ఏడాది పోయింది. బాబాసాహెబ్ కూడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. 1920లో తిరిగి వెళ్లి 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పూర్తి చేశారు. ఆగిన చదువు మళ్లీ మొదలవుతుందని ధైర్యం చెప్పడానికి మనం ఆ సంగతి తరచూ చెప్పుకుంటాం. నేను దాన్ని ఇంకో రకంగా కూడా చదువుతాను. ఆయనకు మూడేళ్లు పోవాల్సిన అవసరం లేదు. మా అమ్మ ఆ అప్పు రెండుసార్లు తీర్చాల్సిన అవసరమూ లేదు. నా తప్పుల లెక్క నాకు ముందే ఎవరైనా వేయించి ఉంటే సరిపోయేది.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. వచ్చే ఆదివారం ఇక్కడికి ఒక నోటుబుక్, రాసిన ఒక ప్రశ్నపత్రం తీసుకురండి. 40లో ఎన్ని వచ్చాయని నేను అడగను. పోయినవి ఎందుకు పోయాయో అడుగుతాను. పరీక్ష అయ్యాక ఆ నోటుబుక్ పారేయకుండా మీ తర్వాత వచ్చే తమ్ముడికో చెల్లెలికో ఇవ్వండి. నాది ఇదుగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. కావలసినవాళ్లు తీసుకెళ్లి ఫొటోలు తీసుకోండి.

జై భీమ్.